బండెక్కిన సైకిలు

సైకిలు మనిషిని మోస్తుందని అందరికీ తెలుసు. నెల్లూరు తీరంలో మాత్రం మనిషే సైకిలును మోయాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. కావలి దిగువ నుంచి పులికాట్ దాకా ఒకసారి చూడండి. ముందు సముద్రం, దాన్ని ఆనుకుని ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, వాటి వెనక బకింగ్‌హాం కాలువ, మధ్య మధ్య ఉప్పుటేళ్లు, ఉప్పు మడులు, ఇప్పుడైతే రొయ్యల గుంటలు. తారు రోడ్డు అయిపోయిన చోట చక్రం ఇసుకలో దిగబడుతుంది. దిగి తోయాలి. ఏరు అడ్డమొస్తే భుజాన వేసుకోవాలి, లేదంటే పడవలో వేయాలి. అందుకే ఈ తీరంలో సైకిలు చరిత్ర చెప్పాలంటే అది ఏ ఊళ్లు తిరిగిందో చెబితే చాలదు, ఏయే బండ్లు ఎక్కిందో కూడా చెప్పాలి.

ఇప్పుడు అది ఎక్కుతున్నది పికప్ ట్రక్కు. సెలవు రోజు చీకటితోనే సైకిళ్లను వెనక తొట్టిలో పెట్టి, పైన పట్ట బిగించి, తెల్లారేసరికి మైపాడుకో, తడ వైపుకో, పులికాట్ అంచుకో చేరుకునే కుర్రాళ్లు కనిపిస్తున్నారు. తొక్కుడు అక్కడి నుంచి మొదలు. 'తొక్కడానికే వచ్చినోళ్లు తొక్కుకుంటానే రావచ్చు గదా' అని టీకొట్టు దగ్గర ఎవరైనా అంటే తప్పు పట్టలేం. జవాబు కావాలంటే మాత్రం కాసేపు జాతీయ రహదారి 16 పక్కన నిలబడాలి. ఒకప్పుడు దీన్ని 5వ నంబరు రహదారి అనేవాళ్లం. చెన్నై, కోల్‌కతా మధ్య తిరిగే కంటైనర్లు, కృష్ణపట్నం పోర్టు లారీలు, రొయ్యల వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి దూసుకుపోతుంటాయి. ఆ వరసలో రెండు చక్రాల మీద బ్యాలెన్సు చేసుకుంటూ పోవడాన్ని నేనైతే వ్యాయామం అనను.

సైకిలు రాకముందే ఈ తీరానికి సరుకుల దారి ఒకటి ఉంది. 19వ శతాబ్దం మొదట్లో బసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరుకు తవ్వించిన చిన్న కాలువే మెల్లమెల్లగా ఉత్తరానికి సాగింది. 1876–78 ధాత కరువులో ఆకలితో అలమటించే జనానికి కూలి పనిగా కాలువలో కొన్ని భాగాలను తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు 1878లో ఆ కాలువకు పెట్టారు. నెల్లూరు జిల్లా తీరం పొడవునా ఉప్పు, కట్టెలు, ధాన్యం ఆ నీళ్ల మీదే మద్రాసుకు పోయేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గడ, అదీ కాకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగడం. సైకిలు వచ్చాక దానికీ ఆ పడవల్లో చోటు దొరికింది. వంతెన లేని ఏటి దగ్గర బల్లకట్టు మీద మేకలు, చేపల గంపలు, పెళ్లివారి పెట్టెల నడుమ ఒక సైకిలు నిలబెట్టి ఉండటం మొన్నమొన్నటి దాకా మామూలే. రైలు, రోడ్డు బలపడేకొద్దీ కాలువ పూడుకుపోయింది, తుఫాన్లు మిగతా పని పూర్తి చేశాయి. 2008లో దాన్ని జాతీయ జలమార్గం 4లో చేర్చారు కానీ పాత పడవలు తిరిగి రాలేదు.

రైలు కథ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1899లో బెజవాడ, మద్రాసు మధ్య పెద్ద లైను కలిసింది. సైకిలును లగేజీగా బుక్ చేసి, చీటీ కట్టించి బ్రేక్ వ్యానులో వేయించుకునే ఏర్పాటు అప్పట్లో ఉద్యోగులకు బాగా అక్కరకొచ్చింది. బదిలీ అయిన బడిపంతులు సామానులో చివరగా దిగేది సైకిలే.

బస్సు టాపుది మాత్రం ఇంకో వైభవం. వెనక ఇనుప నిచ్చెన, పైన కమ్మీలు కట్టిన క్యారియరు ఉన్న బస్సులు గుర్తున్నవాళ్లకు వివరం అక్కర్లేదు. 1958లో ఆర్టీసీ ఏర్పడింది. జిల్లాలో ప్రైవేటు బస్సుల కాలంలోనూ, ఆ తర్వాత ఎర్ర బస్సుల కాలంలోనూ టాపు మీద సైకిలు ఎక్కించడం ఒక విద్య. కింద నుంచి ఒకరు హ్యాండిలు అందించాలి, పైన ఒకరు కడ్డీ పట్టి లాగాలి. పడుకోబెడితే ఏ వైపు పడుకోబెట్టాలో క్లీనరుకు తెలుసు: గొలుసు వైపు పైకి ఉండాలి. ఈ ఒక్క సూత్రం ఇప్పుడు పికప్ తొట్టికి కూడా వర్తిస్తుంది. లక్ష రూపాయల గేరు సైకిలు కొన్నవాళ్లు పాఠం నేర్చుకోవాల్సింది ఆ క్లీనరు దగ్గరే. గేర్లున్న వైపు కింద పడితే గేర్లు మార్చే డీరైల్యూర్‌ను పట్టి ఉంచే సున్నితమైన కొక్కెం వంగిపోతుంది. అది వంగిన సైకిలు మైపాడు దాకా వచ్చి కూడా మూలన కూర్చుంటుంది.

సైకిలుకు ఈ తీరం ఇచ్చిన పెద్ద పేరు పుచ్చలపల్లి సుందరయ్యది. 1913 మే 1న విడవలూరు దగ్గర అలగానిపాడులో పుట్టారు. కలిగిన కుటుంబం. 1952లో రాజ్యసభకు వెళ్లి కమ్యూనిస్టు పక్షానికి నాయకుడైన మనిషి, ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవారు. తర్వాత శాసనసభకూ అంతే. ఇప్పటికీ ఎవరైనా ప్రజాప్రతినిధి ఒక రోజు సైకిలు తొక్కి ఫొటో దిగితే, నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్లు ఆ మనిషితో పోల్చి పెదవి విరుస్తారు. ఎన్నికలొస్తే సైకిలు పార్టీ గుర్తుగా ప్రచార జీపు టాపు మీదికీ ఎక్కుతుంది. అది వేరే కథ, 1983 నుంచి చెప్పుకు రావాలి.

ఇక సైకిలు కొత్తదిగా ఊళ్లోకి దిగే తీరు చూద్దాం. 1949లో మద్రాసు అంబత్తూరులో టీఐ సైకిల్స్ కంపెనీ మొదలైంది. హెర్క్యులిస్, బీఎస్ఏ పేర్లు ఇంటింటి మాటలయ్యాయి. అంబత్తూరు నుంచి నెల్లూరు సుమారు 170 కిలోమీటర్లు. లారీ మీద పట్ట కప్పుకుని, హ్యాండిళ్లు తిప్పి, పెడళ్లు విప్పి, కాగితం చుట్టిన ఫ్రేములుగా అవి వచ్చేవి. ఇక్కడ షాపులో ఫిట్టరు బిగిస్తేనే అది సైకిలు. ఆపైన పంచాయతీకో మునిసిపాలిటీకో పన్ను కట్టి బిళ్ల తగిలించుకోవాలి, రాత్రి దీపం లేకుండా పట్టుబడితే జరిమానా. కొనలేనివాళ్లకు గంట లెక్కన అద్దె సైకిళ్లు. ఆ తర్వాతి కాలంలో ప్రభుత్వాలే సైకిళ్లు పంచాయి. తమిళనాడు, బీహారు బడి పిల్లలకు సైకిళ్లిచ్చాయి. మన రాష్ట్రంలో 'బడికొస్తా' పేరుతో ఆడపిల్లలకు ఇచ్చారు. అవీ లారీల్లో పట్టల కిందే వచ్చాయి.

పికప్ అనే బండి పుట్టింది అమెరికాలో. 1925లో ఫోర్డు కంపెనీ తన మోడల్-టీ కారుకు వెనక భాగంలో చిన్న ఇనుప తొట్టి బిగించి, ఫ్యాక్టరీలోనే తయారుచేసి అమ్మింది. రైతు తన ధాన్యం, పనిముట్లు వేసుకుపోవడానికి. మన దగ్గర ఆ అవసరం చాలాకాలం ఎడ్లబండి, జీపు ట్రెయిలరు, మూడు చక్రాల టెంపో తీర్చాయి. 1980ల నడుమ జపాను సాయంతో నాలుగు చిన్న లారీలు ఒకేసారి దేశంలోకి వచ్చాయి. వాటిలో ఒకటి మనదే. హైదరాబాదు ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో చేసిన ఆల్విన్ నిస్సాన్. ఫ్రిజ్‌లు, గడియారాలు చేసిన ప్రభుత్వ సంస్థ లారీ కూడా చేసిందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. దశాబ్దం తిరక్కుండానే అది మహీంద్రా చేతికి పోయింది. టాటా 407, ఆ వెనకే టాటా 207 వచ్చాయి. 2005లో టాటా ఏస్ దిగాక ఊరి సందుల్లోకి కూడా నాలుగు చక్రాల ట్రాలీ చేరింది. సముద్రం ఒడ్డు పాళేల నుంచి చేపల పెట్టెలు, ఐసు, వలలు దాని మీదే కదులుతున్నాయి.

చేపలమ్మే మనిషి సైకిలు ట్రాలీ ఎక్కడం కూడా అప్పుడే మొదలైంది. తెల్లవారుజామున ఒడ్డున పాట పాడి చేపలు కొనుక్కుని, డబ్బా కట్టిన సైకిలును ట్రాలీలో వేసి, పట్నం పొలిమేరలో దింపుకుని అక్కడి నుంచి వీధులు తిరుగుతాడు. సెలవు రోజుల సైక్లిస్టులకంటే ముందే పికప్‌లో సైకిలు తెచ్చుకున్నది ఇతనే. హెల్మెట్టు లేదు కాబట్టి ఎవరి కంటా పడలేదు.

విచిత్రం ఏమిటంటే, ఇప్పుడు ఖరీదైన పికప్‌లు తయారయ్యేదీ ఈ చుట్టుపక్కలే. తడ పక్కన శ్రీసిటీలో 2016 ఏప్రిల్‌లో ఇసుజు ఫ్యాక్టరీ ప్రారంభమైంది. అక్కడి డీ-మ్యాక్స్ వీ-క్రాస్‌ను సరుకు బండిగా కాకుండా సొంత బండిగా అమ్ముతున్నారు. శ్రీసిటీ అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఉన్నా, గేటు దాటితే తడ, సూళ్లూరుపేట. అవి 2022 దాకా నెల్లూరు జిల్లావే, ఇప్పుడు అన్నీ కలిసి తిరుపతి జిల్లా. ఓడలు బండ్లయ్యే చోటంటే ఇదే అనిపిస్తుంది: ఒకప్పుడు కాలువ పడవలు ఉప్పు మోసిన చోట ఇప్పుడు జపాను డిజైను పికప్‌లు వరసలు కడుతున్నాయి.

అయితే సొంత బండి అనగానే సైకిలుకు సుఖం అనుకోవద్దు. ఇలాంటి నాలుగు తలుపుల పికప్‌లో ముందు అయిదుగురు కూర్చునే చోటు పోగా వెనక తొట్టి మీటరున్నర పొడవే మిగులుతుంది. పెద్దల సైకిలు ఇంచుమించు 1.7 నుంచి 1.8 మీటర్లు ఉంటుంది. తొట్టి లోతు అర మీటరు లోపు, సైకిలు ఎత్తు మీటరు పైన. అంటే తొట్టి అంచుకు సమంగా బిగించే చదును కవరు కింద సైకిలు నిలబడనే నిలబడదు. దారులు మూడే. ముందు చక్రం విప్పి ఫోర్కును అడ్డపట్టీకి బిగించడం, గొలుసు వైపు పైకి పెట్టి పడుకోబెట్టడం, లేదా తొట్టి మీద గూడు లాంటి ఎత్తైన కప్పు కట్టించడం. మొదటి దారి సులువు కావడానికి కారకుడు ఇటలీ సైకిలు రేసరు టుల్లియో కాంపాన్యోలో. 1930ల నాటి ఆయన క్విక్ రిలీజ్ మీట లాగితే, పానా లేకుండానే చక్రం చేతికొస్తుంది. హైడ్రాలిక్ డిస్కు బ్రేకు సైకిలైతే చక్రం తీసినప్పుడు బ్రేకు సందులో చిన్న అట్టముక్క పెట్టండి. పొరపాటున బ్రేకు నొక్కితే ప్యాడ్లు మూసుకుపోయి మళ్లీ చక్రం ఎక్కదు. మూడో దారి మన ఆటోనగర్ వెల్డింగు షెడ్లకు చేతనైన పని. ఇనుప కమానులు, పైన రెక్సిను.

చెన్నై నుంచి వచ్చేవాళ్లు కొందరు వెనక డోరు దించి సైకిలు చక్రాలు బయటికి వేలాడదీస్తారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, సరుకు అనుమతించిన హద్దు దాటి పక్కకో వెనక్కో ముందుకో పొడుచుకు వస్తే జరిమానా 20,000 రూపాయలు, పైగా సరుకు దించే ఖర్చు కూడా బండి యజమానిదే. డోరు దించితే నంబరు ప్లేటు కూడా మరుగున పడవచ్చు. నన్నడిగితే రోడ్డు మీద ఇనుప చువ్వలు వేలాడేసుకుపోయే లారీలను ముందు ఆపాలి. అయినా చట్టం సైకిలుకూ చట్టమే.

కవరు ఎందుకంటే వాన కోసమని అందరూ అనుకుంటారు. నెల్లూరుకు వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే, ఈశాన్య రుతుపవనంలోనే పడుతుంది. మిగతా తొమ్మిది నెలలూ కవరు ఎక్కువగా ఆపాల్సింది ఉప్పు గాలిని. ఇసకపల్లి ఉప్పు మడుల పక్కగా వెళ్లే గాలి రాత్రికి రాత్రి గొలుసు మీద ఎర్రటి పొర తెప్పిస్తుంది. ఉప్పు తేమను పీల్చుకుంటుంది కాబట్టి, తడిసిన సైకిలును గట్టిగా పట్ట బిగించి ఎండలో నిలిపితే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. అంతకుముందు ఆ తొట్టిలో చేపల పెట్టెలు వేసి ఉంటే చెప్పనక్కర్లేదు. ఒడ్డు పాళేల్లో సైకిలు వాడేవాళ్లు సాయంత్రం మంచినీళ్లు పోసి కడిగి, గొలుసుకు నూనె పూసి, నీడలో గాలికి నిలబెడతారు. వేల రూపాయల కవరు కంటే ఆ బకెట్టు నీళ్లే ఎక్కువ పని చేస్తాయి. కవరు వాడేవాళ్లు వెనక అంచు జానెడు వదులుగా వదలాలి, గాలి ఆడాలి.

కాలువ లెక్కల్లో ఉప్పు బస్తాలున్నాయి, రైలు లెక్కల్లో టన్నులున్నాయి. బల్లకట్టు మీద, బస్సు టాపు మీద, చేపల ట్రాలీలో ప్రయాణించిన సైకిలు మాత్రం ఇళ్లలోని పాత ఫొటోల్లో తప్ప ఇంకెక్కడా నమోదు కాలేదు. మీ ఇంటి ఆల్బమ్‌లో అలాంటి ఫొటో ఒకటి ఉంటే, వెనక ఊరి పేరు, సంవత్సరం, అందులో ఉన్నవాళ్ల పేర్లు ఈ ఆదివారమే రాసిపెట్టండి. చెప్పగలిగిన పెద్దలు ఉండగానే రాయండి.