ఇంజిన్‌కీ ఒక అలుగు ఉంటుంది: వేస్ట్‌గేట్ కథ

ముందు నా చేతిలో ఉన్న ఈ వస్తువు చూడండి. చిన్న బోల్టు. తుప్పు పట్టింది, తల అరిగిపోయింది. పాత ఇనుప సామాన్ల వాడికి ఇస్తే రూపాయి కూడా రాదు. కానీ ఇది మా మేనమామ లారీ ఇంజిన్ ప్రాణం తీసినంత పని చేసింది. ఈరోజు ఎపిసోడ్ ఈ బోల్టు గురించే. దీని వెనక వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. స్విట్జర్లాండ్ ఉంది, అమెరికా కొండ ఉంది, ఫార్ములా వన్ ఉంది, మన సాగర్ ఎడమ కాల్వ కూడా ఉంది.

మామ సెకండ్ హ్యాండ్‌లో ఒక లారీ కొన్నాడు. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఎత్తుకొని, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వచ్చి, అక్కడ హైవే ఎక్కి కాకినాడ పోర్టుకు పోయేవాడు. "బండి గుర్రం లెక్క లాగుతది రా" అని ఊరంతా చెప్పుకున్నాడు. నాలుగు నెలలు నిజంగానే లాగింది. ఒకరోజు ఫుల్ లోడ్ మీద, కోదాడ చేరేలోపే తెల్లపొగ, టెంపరేచర్ ముల్లు పైకి, నీళ్లన్నీ బయటికి. హెడ్ గ్యాస్కెట్ పోయింది. తెలిసిన మెకానిక్ సూర్యాపేటలో ఉన్నాడని బండిని అక్కడికి లాక్కుపోయారు.

అప్పుడు నేను ఇంటర్ సెలవుల్లో ఉన్నా, మామతో పాటు షెడ్డుకు పోయిన. మెకానిక్ టర్బో దగ్గర ఉన్న సన్న రబ్బరు పైపు పీకి, వేళ్లతో నొక్కి చూసిండు. లోపల ఏదో గట్టిగా తగిలింది. బ్లేడుతో కోస్తే ఈ బోల్టు బయటపడ్డది. "అన్నా, నీకు బండి అమ్మినోడు అలుగు మూసి అమ్మిండు" అన్నాడు. మామకి ఒక్క ముక్కలో అర్థమైంది. నాకు అర్థం కావడానికి చాలా పుస్తకాలు చదవాల్సి వచ్చింది.

అలుగు అంటే మీకు తెలుసు. వానాకాలంలో చెరువు నిండి అలుగు పోస్తే మనం వీడియో తీసి స్టేటస్ పెడతాం. కట్ట కంటే కొంచెం ఎత్తు తక్కువగా, రాతితో కట్టిన చోటు అది. నీళ్లు ఆ మట్టం దాటితే అక్కడి నుంచి పొర్లిపోతాయి, కట్ట మీదికి రావు. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి ఉంది. కాకతీయుల సామంతులైన రేచెర్ల రెడ్లు 800 ఏళ్ల కిందట కట్టించిన శివాలయాలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. ఆ కాలంలో ఈ సామంతులు గుడి కట్టిస్తే పక్కన చెరువు కూడా తవ్వించేవాళ్లు. చెరువు కట్టేవాడికి నీళ్లు ఆపడం ఎంత ముఖ్యమో, ఎక్కువైన నీళ్లను వదలడం కూడా అంతే ముఖ్యం. అలుగు లేని చెరువు మొదటి పెద్ద వానకే తెగుతుంది.

ఇక టర్బో సంగతికి వద్దాం. ఇంజిన్ నుంచి బయటికి పోయే పొగలో ఇంకా వేడి ఉంటుంది, వేగం ఉంటుంది. దాన్ని ఊరికే గాలికి వదిలేయకుండా ఒక చిన్న చక్రాన్ని తిప్పిస్తే? ఆ చక్రానికి అదే ఇరుసు మీద రెండో చక్రాన్ని బిగించి, దానితో బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెట్టిస్తే? గాలి ఎక్కువ పోతే డీజిల్ ఎక్కువ కాల్చవచ్చు, బలం ఎక్కువ వస్తుంది. ఇదే టర్బో. ఆల్‌ఫ్రెడ్ బుకీ అనే స్విస్ ఇంజనీర్ 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. కానీ అంత వేడి తట్టుకునే లోహాలు అప్పటికి లేవు. 1920ల్లో గానీ జర్మనీ ఓడల్లో దీన్ని వాడలేదు. అక్కడ 1,750 హార్స్‌పవర్ ఇంజిన్ 2,500 ఇచ్చింది. ఇంజిన్ సైజు పెంచకుండానే!

మధ్యలో 1918లో ఇంకో కథ జరిగింది. విమానం పైకి పోయేకొద్దీ గాలి పల్చబడి ఇంజిన్ నీరసపడుతుంది. శాన్‌ఫోర్డ్ మాస్ అనే అమెరికన్ ఇంజనీర్ ఒక లిబర్టీ విమానం ఇంజిన్‌ని, టర్బోతో సహా, కొలరాడోలోని పైక్స్ పీక్ కొండ మీదికి ఎక్కించాడు. 14,000 అడుగుల ఎత్తు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్, పైన టర్బో లేకుండా 230 ఇచ్చింది. టర్బో పెడితే 356 ఇచ్చింది.

బాగుంది కదా? ఇక్కడే చిక్కొచ్చింది. పల్చటి గాలిలో సరిపోయే టర్బో, విమానం కిందికి దిగగానే చిక్కటి గాలిని మరీ ఎక్కువగా నెడుతుంది. అందుకే పొగలో కొంత భాగం టర్బో చక్రానికి తగలకుండా పక్క నుంచి పోయేలా ఒక చిన్న తలుపు పెట్టారు. దాని పేరే వేస్ట్‌గేట్. పాత విమానాల్లో పైలట్ చేత్తో లివర్ తిప్పి దాన్ని తెరిచేవాడు, మూసేవాడు. మన చెరువు అలుగు లాంటిదే, కాకపోతే మనిషి కాపలా ఉన్న అలుగు.

కార్లలో ఆ కాపలా పని స్ప్రింగుకి అప్పగించారు. మామ లారీలో ఉన్నది కూడా అదే పద్ధతి. టర్బో పక్కన చిన్న డబ్బా ఉంటుంది, పేరు యాక్చువేటర్. లోపల రబ్బరు పొర, దాని వెనక స్ప్రింగు, ముందుకు ఒక రాడ్. టర్బో నెట్టే గాలిలో కొంచెం సన్న పైపు గుండా ఈ డబ్బాలోకి వస్తుంది. ప్రెషర్ స్ప్రింగుని గెలిచేంత పెరిగితే రాడ్ బయటికి జరుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, పొగ పక్కదారి పడుతుంది, టర్బో వేగం తగ్గుతుంది. నిమిషానికి లక్ష చుట్ల దగ్గర దాకా తిరిగే చక్రాన్ని అదుపులో పెట్టేది ఈ స్ప్రింగే.

ఇప్పుడు ఆలోచించండి. ఆ సన్న పైపులో బోల్టు పెడితే ఏమవుతుంది? ప్రెషర్ ఎంత పెరిగినా ఆ సంగతి డబ్బాకి తెలియదు. తలుపు తెరుచుకోదు. బండి గుర్రం లెక్క లాగుతుంది. అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చినట్టు. చెరువులో నీళ్లు ఎక్కువ కనిపిస్తాయి, కట్ట మీద బరువు కూడా అంతే పెరుగుతుంది.

1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే కారు వచ్చింది. టర్బోతో అమ్మకానికి వచ్చిన తొలి కార్లలో ఒకటి, వేస్ట్‌గేట్ కూడా ఉంది. అది పెట్రోల్ ఇంజిన్. ప్రెషర్ పెరిగితే పెట్రోల్ తన టైముకి ముందే అంటుకుని ఇంజిన్ టకటక కొట్టుకుంటుంది. అది ఆపడానికి నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవం ఒక డబ్బాలో పోయాలి. డబ్బా ఖాళీ అయితే బూస్ట్ దానంతట అదే తగ్గేలా ఏర్పాటు చేశారు. కంపెనీ వాళ్లు అన్నీ ఆలోచించారు, ఒక్క మనిషి స్వభావం తప్ప. చాలామంది ఆ ద్రవం నింపనే లేదు, బూస్ట్ తగ్గితే కారు బాగాలేదన్నారు. చివరికి ఎన్నో కార్లకి టర్బో పీకేసి మామూలు కార్బ్యురేటర్ బిగించాల్సి వచ్చింది.

ఫార్ములా వన్‌లోనూ ఇదే కథ. 1977లో రెనో టర్బో కారు తెచ్చింది. పదేళ్లలో బూస్ట్ పోటీ ఎక్కడిదాకా పోయిందంటే, 1987లో 4 బార్ దాటకూడదని ప్రతి కారుకీ ఒక వాల్వ్ బిగించారు. 1988లో దాన్ని 2.5 బార్‌కి దించారు. 1989 నుంచి టర్బోలనే నిషేధించారు. ప్రపంచంలోనే గొప్ప ఇంజనీర్లకి కూడా బయటి నుంచి ఒకరు అలుగు కట్టాల్సి వచ్చింది.

సరే, ఇది మన రోడ్డు మీదికి ఎట్లా వచ్చింది? 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి పునాది రాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు వరి మళ్లయ్యాయి. వడ్లు వస్తే మిల్లులొచ్చాయి, మిల్లులొస్తే లారీలొచ్చాయి. కృష్ణ ఒడ్డున సున్నపురాయి ఉంది కాబట్టి సిమెంటు ఫ్యాక్టరీలు, వాటికి ఇంకొన్ని లారీలు. మొదట్లో అవన్నీ టర్బో లేని బళ్లు. టాటా 697 ఇంజిన్ గుర్తున్న డ్రైవర్లు ఇప్పటికీ ఉన్నారు. 1993లో టాటా, కమ్మిన్స్ కలిసి కంపెనీ పెట్టడం, 2000 నుంచి పొగ మీద భారత్ స్టేజ్ నిబంధనలు బిగుసుకోవడంతో టర్బో లేని లారీ మెల్లగా కనుమరుగైంది. గాలి సరిపడా అందితే డీజిల్ శుభ్రంగా కాలుతుంది, పొగ తగ్గుతుంది. అంటే ఇంజిన్‌ని పరుగెత్తించడానికే కాదు, పొగ తగ్గించడానికి కూడా టర్బో మన దగ్గరికి వచ్చింది.

ఇక షెడ్డులో మెకానిక్ ఏం చేశాడో చెప్తా. పైపు మార్చిండు. తర్వాత రాడ్ చూసిండు. దాన్ని కూడా ఎవడో తిప్పి పొట్టిగా చేసి పెట్టిండు. రాడ్ పొట్టిదైతే స్ప్రింగు ముందే బిగుసుకుని ఉంటుంది, తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది, బూస్ట్ పెరుగుతుంది. రాడ్ పొడుగు చేస్తే తలుపు త్వరగా తెరుచుకుంటుంది, బూస్ట్ తగ్గుతుంది. ఆయన ఇంజిన్ చల్లారాక, ఉన్న చోట మార్కు పెట్టుకుని, లాక్ నట్ వదులు చేసి, ఒక్కో చుట్టు మాత్రమే తిప్పిండు. ప్రతిసారీ మీటరున్న చేతిపంపుతో యాక్చువేటర్‌కి గాలి కొట్టి, రాడ్ ఎంత ప్రెషర్ దగ్గర కదులుతుందో చూసిండు. కంపెనీ చెప్పిన అంకె వచ్చాక నట్ బిగించిండు. అంతకంటే కిందికి దించలేదు. "ఇంకా వదిలితే తలుపు సరిగ మూసుకోదు. పొగ అంతా పక్కకే పోతది, టర్బో లేవదు" అన్నాడు. ఎంత తిప్పినా స్ప్రింగుకున్న సొంత బలం కంటే కింద సరిగా పనిచేయదు. ఇంకా తక్కువ కావాలంటే స్ప్రింగే మార్చాలి.

మామ "అయిపోయింది గదా, పోదాం" అన్నాడు. మెకానిక్ ఒప్పుకోలేదు. "ఆగన్నా, డీజిల్ పంపు కూడా పెంచి ఉన్నది" అన్నాడు. ఈ పాయింట్ చాలామందికి తెలియదు, జాగ్రత్తగా వినండి. పెట్రోల్ బండిలో బూస్ట్ తగ్గిస్తే ఇంజిన్‌కి మామూలుగా ఊరటే. డీజిల్ బండిలో బూస్ట్ తగ్గించి డీజిల్ అంతే పోస్తే, గాలి చాలక నల్లపొగ వస్తుంది, సైలెన్సర్‌లోకి పోయే పొగ వేడి ఇంకా పెరుగుతుంది, ఆ వేడి పిస్టన్‌నీ, టర్బోనీ తింటుంది. గాలీ డీజిలూ జోడెద్దుల్లాంటివి. ఒకదాన్ని ఆపితే రెండోదాన్ని కూడా ఆపాలి. అందుకే పంపుని సెట్ చేసేవాళ్ల దగ్గరికి పంపించి, దాన్ని కూడా కంపెనీ లెక్కకు తెప్పించిండు.

బండి తిరిగి రోడ్డెక్కింది. కానీ గుర్రం లెక్క లాగలేదు. మామ పది రోజులు మొహం మాడ్చుకున్నాడు. మునుపటి లోడ్ ఎత్తితే కదలట్లేదు. అంటే ఇన్నాళ్లూ బండికి రాసిచ్చిన బరువు కంటే ఎక్కువ ఎత్తుతున్నాడన్నమాట. లోడ్ తగ్గిస్తే ట్రిప్పుకి వచ్చేది తగ్గింది, ఫైనాన్స్ కిస్తీ మాత్రం తగ్గలేదు. అత్తమ్మ చేతి గాజులు రెండు బ్యాంకుకి పోయాయి. ఇది దాచి, "బూస్ట్ తగ్గించాడు, అంతా బాగైంది" అని చెప్తే మీకు అబద్ధం చెప్పినట్టే. బూస్ట్ పెంచేవాడు పిచ్చోడు కాదు. కిరాయి గిట్టక పెంచుతాడు. అలుగు మీద బస్తాలు వేసే రైతు కూడా అంతే, చివరి మడి తడవాలని వేస్తాడు. కానీ కట్ట తెగితే పోయేది అతని మడి ఒక్కటే కాదు.

మామ ఆ ఇంజిన్‌ని మళ్లీ విప్పకుండా ఆరేళ్లు నడిపాడు. గాజులు తిరిగొచ్చాయి.

మీలో చాలామంది రీల్స్‌లో రీమ్యాప్ వీడియోలు చూస్తున్నారని నాకు తెలుసు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 బళ్లలో బూస్ట్‌ని చూసుకునేది కంప్యూటర్. కొన్నిటికి వేస్ట్‌గేటే ఉండదు, టర్బో లోపలి రేకులే తిరిగి ఆ పని చేస్తాయి. అక్కడ స్పానర్ పెట్టి రాడ్ తిప్పితే లెక్క తప్పుతుంది, లైటు వెలుగుతుంది, బండి నడవనంటుంది. ఇప్పుడు బోల్టుకి బదులు ల్యాప్‌టాప్ వచ్చింది. చేసే పని మాత్రం అదే. ఎవరైనా "పికప్ పెంచుతా" అంటే ఒక్క ప్రశ్న అడగండి: "ఎక్కువైంది ఎటు పోతుంది?" జవాబు చెప్పలేకపోతే తాళం చెవి ఇవ్వకండి. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు మామూలు కంటే బాగా లాగుతుంటే సంతోషపడే ముందు ఆ సన్న పైపుని ఒకసారి వేళ్లతో నొక్కి చూడండి.

సాగర్ డ్యామ్‌లో నీళ్లు 590 అడుగులకి చేరితే 26 గేట్లు ఉన్నాయి. చూడటానికి మనం బళ్లేసుకుని పోతాం. మీ ఇంజిన్‌లో గేటు ఒక్కటే, అదీ మీ బొటనవేలంత. దాన్ని దాని పని చేయనివ్వండి.

ఈ బోల్టు నా టేబుల్ మీదే ఉంటుంది. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటా మరి.