చేపలకు సెలవు దినములు

వేపపూత, కొత్త బెల్లము, మామిడి పిందె మన ఇండ్లకు వచ్చే ఈ ఉగాది రోజులలోనే ఇంగ్లండు దేశపు నదుల ఒడ్డున కూడ ఒక లెక్క మారుతుంది. మార్చి 15వ తేదీ మొదలు జూన్ 15వ తేదీ దాకా, ఆ రెండు తేదీలను కలుపుకొని 93 దినములు, అక్కడి నదులలో ఒక తరగతి చేపలకు గాలము వేయరాదు. అవే దినములలో, అదే నదిలో, ట్రౌటు అనే ఇంకొక చేపను లైసెన్సు గలవారు పట్టుకొనవచ్చును. ఒడ్డు ఒకటే, నీరు ఒకటే. ఒక చేపకు సెలవు, ఇంకొక చేపకు వేట. ఈ ఏర్పాటు ఎట్లా వచ్చినది, ఎవరు అడిగితే వచ్చినది, దాని పోలిక చట్టము మన నీలగిరి కొండలకు ఎట్లా ఎక్కినది అనే సంగతులు మన సంఘ సభ్యులకు మనవి చేయదలచినాము. ఉగాది సంచికలో చేపల ముచ్చట ఏమిటని శాకాహారులైన పెద్దలు నొచ్చుకోవద్దు. ఇందులో వంట ప్రసక్తి తక్కువ, న్యాయము ప్రసక్తి ఎక్కువ.

ఇంగ్లీషువారు మంచినీటి చేపలను రెండు వర్గములు చేసినారు. సాల్మను, ట్రౌటు మొదలైనవి ‘గేము’ చేపలు. రోచి, బ్రీము, చబ్బు, బార్బెలు, పెర్చి, పైకు మొదలైనవి ‘కోర్సు’ చేపలు. మనము సన్నబియ్యము, ముతకబియ్యము అంటున్నట్లే ఇదీను. కనుక వీటిని ముతక చేపలని పిలుచుకొందాము. వీటిలో చాలా భాగము మన బొచ్చెకు, శీలావతికి దూరపు బంధువులే. బియ్యములో వలెనే ఇక్కడ కూడ పేరు వెనుక అంతస్తు ఉన్నది. సాల్మను, ట్రౌటు దొరికే చల్లని ఏళ్ళు చాలావరకు భూస్వాముల ఎస్టేటులలో ప్రవహించేవి. కాలువలలో, పెద్ద నదుల మందపు నీటిలో దొరికే ముతక చేప ఫ్యాక్టరీ పనివానికి ఆదివారపు వినోదము, అప్పుడప్పుడు రాత్రి కూర.

అయితే రెండు చేపలకు రెండు సెలవులు ఏర్పడినది అంతస్తును బట్టి మాత్రమే కాదు. దానికి ప్రకృతిలోనే కారణమున్నది. గోధుమరంగు ట్రౌటు చలికాలపు చేప. శరత్కాలము చివర, చలి ముదిరే వేళ, ఆడ ట్రౌటు ఏటి అడుగున గులకరాళ్ళను తోకతో కొట్టి పల్లము చేసి, అందులో గ్రుడ్లు పెట్టి, మళ్ళీ రాళ్ళు కప్పుతుంది. చలినీటిలో ఆ గ్రుడ్లు పొదగడానికి నెలలు పడుతుంది. ముతక చేపలు అట్లా కాదు. వసంతములో నీరు వెచ్చబడిన తరువాత గుంపులు గుంపులుగా ఒడ్డు చేరి, నాచు మీద, నీటిమొక్కల మీద గ్రుడ్లు అంటిస్తవి. కొద్ది దినములలోనే పిల్లలు బయటపడతవి. అంటే ఒకటి పురిటి మంచము దిగి తేరుకొనేసరికి ఇంకొకటి ఎక్కుతుంది. ఒకే తేదీల సెలవు రెండింటికీ పెడితే ఏదో ఒకదానికి అన్యాయము జరుగక తప్పదు.

ఈ తెలివి ఇంగ్లండుకు ఒక్కనాటిలో రాలేదు. 1285లో మొదటి ఎడ్వర్డు రాజు చేసిన శాసనములో సాల్మను చేపకు సెప్టెంబరు 8 నుంచి నవంబరు 11 దాకా విరామము ఇచ్చినారు. మొదటిసారి తప్పు చేసినవాని వలలు తగులబెట్టడము, రెండవసారికి మూడు నెలల ఖైదు, మూడవసారికి ఏడాది ఖైదు. శిక్షలకు కొదవలేదు, పట్టించుకొనే నాథుడే కొదవ. 1653లో గాలము వేట గురించి పుస్తకము వ్రాసిన ఐజాక్ వాల్టన్, పాత శాసనములు కాగితము మీదనే ఉండిపోయినవని అందులో వాపోయినాడు. పంతొమ్మిదవ శతాబ్దములో మిల్లుల అడ్డుకట్టలు, ఫ్యాక్టరీల మురికి నీరు, సన్నకన్నుల వలలు కలిసి నదులను ఖాళీ చేసిన పిమ్మట గాని ప్రభుత్వము కదలలేదు. 1861లో సాల్మను చట్టము వచ్చినది. 1865లో నదులకు సంరక్షణ బోర్డులు, వాటి ఖర్చుకు లైసెన్సులు వచ్చినవి. అందరూ వాడుకొనే నదిని కాపాడే కావలివానికి జీతము ఎవరివ్వాలి? చేపను పట్టేవాడే ఇవ్వాలి. లైసెన్సుకు మూలసూత్రము ఇదే.

ఇదంతా సాల్మను కోసము. ముతక చేపకు దిక్కు చూపినది 1878 చట్టము. దీనికి ముండెల్లా చట్టమని వాడుక పేరు. ఆంథొనీ జాన్ ముండెల్లా షెఫీల్డు పట్టణము నుంచి పార్లమెంటు సభ్యుడు. రెండేళ్ళ తరువాత, 1880లో, ఇంగ్లండులో పిల్లలందరూ బడికి పోయి తీరవలెనని చట్టము తెచ్చినవాడు కూడ ఈయనే. షెఫీల్డు కత్తులకు, చాకులకు ప్రసిద్ధి. ఆ కత్తులు నూరే కార్మికులకు గాలము వేట ప్రాణము. శనివారము పూట పని దిగగానే రైలెక్కి ట్రెంటు నదికో, లింకన్‌షైరు ఏళ్ళకో పోయి పందెములు వేసుకొని చేపలు పట్టేవారు. గ్రుడ్ల కాలములో ఒడ్డుకు గుంపులుగా చేరిన చేపలను వలలవారు ఊడ్చుకొని పోతుంటే తమకు ఏడాది పొడుగునా ఖాళీ గాలమే మిగులుతున్నదని వారు గోల పెట్టినారు. ముండెల్లా ఆ గోలను పార్లమెంటుకు మోసుకొని పోయినాడు. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా ముతక చేపను పట్టరాదు, అమ్మరాదు, కొనరాదు అన్న కట్టడి అట్లా పుట్టినది. తమ చేతులు కట్టివేయుమని వేటగాళ్ళే అడిగి తెచ్చుకొన్న చట్టము ఇది. ఇటువంటివి చరిత్రలో అరుదని మా అభిప్రాయము.

అదే చట్టము ట్రౌటుకు కూడ లైసెన్సు పద్ధతిని విస్తరింపజేసినది. కాని చట్టపు మినహాయింపులు చదివితే కత్తులు నూరేవాని చట్టములోకి భూస్వామి ఎట్లా దూరినాడో కనబడుతుంది. ట్రౌటును ప్రత్యేకముగా కాపాడుకొనే సొంత నీరు ఉన్నవాడు, ముతక చేపలను నిషేధ దినములలో కూడ నిర్మూలించవచ్చును. అవి ట్రౌటు మేతను తింటవి, పైకు అయితే ట్రౌటునే తింటుంది, కనుక అవి కలుపు మొక్కలతో సమానము. ఇంకొకటి: సొంత నీటిలో యజమాని అనుమతి పొందినవాడు ఆ దినములలో కూడ గాలము వేయవచ్చును. అనగా 93 దినములు నిజముగా చేతులు ముడుచుకొని కూర్చున్నవాడు సొంత నీరు లేనివాడు, అటువంటి స్నేహితుడు లేనివాడు. జూన్ 15 రాత్రి గడియారము చూచుకొంటూ ఒడ్డున కాచుకొని, పన్నెండు కొట్టగానే గాలము విసిరే ఆచారము పుట్టినది వీరిలోనే. వారికి అది పండుగ.

నాటి తేదీలు నదుల విషయములో నేటికీ మారలేదు. చెరువులు, నిలువ నీళ్ళలో చాలావాటికి 1995లోను, కాలువలలో చాలావాటికి 2000లోను నిషేధము తొలగించినారు. నదులకు మాత్రము నిలిచినది. తీసివేయవలెనా అనే చర్చ వచ్చి కూడ నిలిచినది. ఈ 93 దినములలో ట్రౌటు కోసము నదికి పోయేవాడు రెండు కాగితములు సంపాదించుకోవాలి: ఒకటి సర్కారు లైసెన్సు, రెండవది ఆ ఒడ్డు ఎవరిదో వారి అనుమతి. ఒకటి ఉన్నది గదా అని రెండవది లేకుండా దిగరాదు. పదమూడేళ్ళ లోపు పిల్లలకు లైసెన్సు అక్కరలేదు. పదహారు దాకా తీసుకోవాలి గాని రుసుము లేదు. పెద్దవారు లైసెన్సు లేక దొరికితే 2,500 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చును. ట్రౌటు తెరుపు దినములు మార్చి నెలలోనో ఏప్రిలు మొదటనో మొదలై సెప్టెంబరు ఆఖరు దాకా సాగుతవి. నది నదికి కొద్ది తేడా.

అసలు చిక్కు ఎర దగ్గర ఉన్నది. నీళ్ళలో వానపాము వేసి, ‘నేను ట్రౌటు కోసమే వేసినాను, బార్బెలు వచ్చి తగులుకొంటే నా తప్పా?’ అనేవానిని ఏమి చేయాలి? అందుకని కొన్ని ప్రాంతములలో ఈ దినములలో ఈకలు, దారము చుట్టి ఈగ రూపములో కట్టిన గాలము తప్ప మరేదీ పనికిరాదు. మరికొన్ని ప్రాంతములలో వానపాము, రొయ్య, చిన్న చేప వంటి కొన్ని ఎరలను కూడ ఒప్పుకొంటారు. ఏమైనా పొరపాటున ముతక చేప తగిలితే గాయము కాకుండా వెంటనే నీటిలో వదలాలి. వేటగాని మనసు కనిపెట్టడము కష్టము గనుక చట్టము వాని ఎరను చూస్తుంది. పక్కనే ఉన్న స్కాట్లండులో మాత్రము గాలమునకు సర్కారు లైసెన్సూ లేదు, ముతక చేపకు సెలవూ లేదు. ట్రౌటుకు చలికాలపు విరామము ఒక్కటే ఉన్నది.

చేపకు సెలవు ఇవ్వడము తెల్లవారు మనకు నేర్పిన విద్య అనుకోవద్దు. క్రీస్తు పూర్వము మూడవ శతాబ్దములో అశోకుడు తన ఐదవ స్తంభ శాసనములో కొన్ని పున్నములకు, ఉపవాస దినములకు చేపలను చంపరాదు, అమ్మరాదు అని చెక్కించినాడు. గాలము వినోదము కూడ మనకు కొత్త కాదు. పన్నెండవ శతాబ్దములో కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసములో మత్స్య వినోదమునకు ఒక ప్రకరణమే ఉన్నది. ఏ చేపకు ఏ ఎర అన్నది కూడ అందులో ఉన్నది. కర్ణాటకములోని మన సోదరులు ఈ సంగతి గర్వముగా చెప్పుకోవచ్చును. తెల్లవారితో వచ్చినవి లైసెన్సు, ట్రౌటు.

ఆ రెండూ మన వైపు మొదట చేరినది నీలగిరులకు. మద్రాసు సర్కారులో వైద్యుడైన ఫ్రాన్సిస్ డే, చేపల శాస్త్రములో పెద్ద పేరు గడించినవాడు, 1863లో నీలగిరికి ట్రౌటును తేవడానికి ప్రయత్నించినాడు. ఫలించలేదు. ఉదకమండలములోని దొరలు 1877లో వేట సంఘము పెట్టుకొన్నారు. 1879లో, అనగా ముండెల్లా చట్టమునకు మరుసటి ఏడే, నీలగిరి వేట జంతువుల, చేపల సంరక్షణకు మద్రాసు చట్టము వచ్చినది. అందులో చేప అనే మాటకు ముందు ఒక విశేషణము ఉన్నది: బయటి నుంచి తెచ్చి ఇక్కడి నీటికి అలవాటు చేసిన చేప. కొండ వాగులలో అనాదిగా ఉన్న చేప ఆ మాటలో ఇమడలేదు. ఇంకా చిత్రమేమంటే ట్రౌటు అప్పటికి నీలగిరిలో నిలదొక్కుకోనేలేదు. మద్రాసు ప్రభుత్వము నియమించిన హెచ్. సి. విల్సన్ అవలాంచి దగ్గర పొదుగు కేంద్రము పెట్టి, సింహళము మొదలైన చోట్ల నుంచి ఇంద్రధనుస్సు రంగుల ట్రౌటు గ్రుడ్లు తెప్పించి పిల్లలను వదలినది 1907 తరువాతి మాట. అతిథి రావడానికి దాదాపు ముప్పై ఏళ్ళ ముందే గది సిద్ధము చేసి తాళము వేసి ఉంచినారన్న మాట.

మిగిలిన నదుల గతి వేరు. అదే ఫ్రాన్సిస్ డే దేశమంతా తిరిగి, ఆనకట్టలు చేపల దారిని ఎట్లా మూస్తున్నవో, సన్న వలలు పిల్ల చేపలను ఎట్లా ఊడుస్తున్నవో 1873లో నివేదిక అచ్చు వేయించినాడు. భారత చేపల చట్టము 1897లో వచ్చినది. అప్పటికి డే చనిపోయి ఎనిమిదేళ్ళు. ఆ చట్టము మందుగుండుతోను విషముతోను చేపలు చంపడాన్ని నిషేధించి, మిగిలినది రాష్ట్ర ప్రభుత్వముల ఇష్టానికి వదలినది. కావాలంటే ఏ నీటిలోనైనా రెండేళ్ళకు మించకుండా వేట ఆపవచ్చునన్నది. దొర వినోదించే వాగుకు 1879లోనే కట్టుదిట్టములు, జాలరి బ్రతికే నదికి పద్దెనిమిదేళ్ళ తరువాత ‘కావాలంటే’. తెచ్చి పెంచిన ఆ ట్రౌటు జాతులు రెండూ ఈనాడు ప్రపంచములో స్థానిక జీవులకు అత్యంత హాని చేసే 100 పరాయి జాతుల జాబితాలో ఉన్నవి.

మన వారికి దగ్గరగా తగిలే సెలవు ఇప్పుడు సముద్రములో ఉన్నది. తూర్పు తీరమంతటా ఏప్రిలు 15 నుంచి జూన్ 14 దాకా, 61 దినములు, మర పడవలు వేటకు పోరాదు. మద్రాసు, యానాము, కాకినాడ, పూరీ అన్నింటికీ అవే తేదీలు. ఇంగ్లండు ముతక చేపల తేదీలకు ఇంత దగ్గరగా ఉండడము కాకతాళీయమే. పోలిక తేదీలలో ఉన్నది గాని బ్రతుకులో లేదు. షెఫీల్డు కార్మికుడు 93 దినములు గాలము గోడకు ఆనించి కత్తులు నూరుకొన్నాడు; జీతము ఆగలేదు. జాలరి పడవ ఒడ్డుకు లాగితే పొయ్యి ఆగుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025లో ఈ విరామపు భృతిని కుటుంబమునకు 20,000 రూపాయలు చేసినది. కాని అది ఆ రాష్ట్రపు జాలరులకే. తరముల క్రిందటే పూరీలోని పెంటకోటలో, గంజాము తీరములో స్థిరపడిన మన తెలుగు జాలరులు ఒడిశా లెక్కలోనివారు. అక్కడ సముద్రపు తాబేళ్ళ కోసము నవంబరు 1 నుంచి మే 31 దాకా గహీర్‌మఠ, దేవీ, ఋషికుల్యా ముఖద్వారముల దగ్గర ఇంకొక నిషేధము ఉన్నది. దానికి ఈ 61 దినములు తోడైతే ఆ చోట్ల ఏడాదిలో ఏడున్నర నెలలు పోతవి. తాబేలునూ కాపాడాలి, చేపనూ కాపాడాలి, మేము కాదనము. ముండెల్లా చట్టమునకు ముందు షెఫీల్డువారిని అడిగినట్లు పెంటకోటవారిని ఎవరైనా అడుగుతున్నారా అన్నదే మా ప్రశ్న.

ఇక గోదావరి. యానాము నుంచి ఈ సంచిక చదివేవారికి పులస గురించి చెప్పడము తాతకు దగ్గులు నేర్పడమే. సాల్మను వలెనే పులస కూడ సముద్రము విడిచి, వరద నీటికి ఎదురీది నదిలోకి వచ్చేది గ్రుడ్లు పెట్టడానికే. 1285లో సాల్మనుకు సెలవు ఇచ్చినది సరిగా ఇటువంటి ప్రయాణపు దినములకే. పులసకు దారి పొడుగునా వలలు, చివర 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట, ఇప్పుడు దాని స్థానములో బారేజి. ఆ గోడ దాకా అది ఏటా వస్తూనే ఉన్నది, నానాటికి తక్కువగా. జూలై, ఆగస్టు నెలలలో యానాము రేవు వేలములో ఒక్కొక్క చేప ధర వేల రూపాయలు పలుకుతున్నది.