పాత లగ్జరీ కారు అమ్ముతున్నారా? ఆర్‌సీలో పేరు మారేదాకా బాధ్యత మీదే

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో బెంజ్, ఆడి, బీఎండబ్ల్యూ లాంటి పాత సెడాన్ అమ్మేవారు డబ్బు చేతికి రాగానే పని అయిపోయిందనుకోవద్దు. ఆర్‌సీలో పేరు ఎవరిదో, చట్టం ముందు ఓనర్ వారే. కారు చేతులు మారినా, ప్రమాద పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్న వ్యక్తిదేనని 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

రాష్ట్రంలోనే అమ్మితే: ఫారం 29, 30 నింపాలి. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి.

సరిహద్దు దాటితే: కుప్పానికి ఇటు కర్ణాటక, అటు తమిళనాడు. కొనేవారు అక్కడివాళ్లయితే ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకోవాలి. పాత చలాన్లు ముందే కట్టేయాలి. అక్కడ కట్టాల్సిన ట్యాక్స్ ఖరీదైన కారుకు ఎక్కువే, ఆ లెక్క బేరంలోనే తేల్చుకోవాలి.

లోన్ ఉంటే: బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35తో ఆర్‌సీపై ఉన్న లోన్ ఎంట్రీ తీయించాలి.

ఇన్సూరెన్స్: కొన్నవారు 14 రోజుల్లో తమ పేరుకు మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం అమ్మినవారిదే, కొత్త కారుకు వాడుకోవచ్చు.

ఓనర్ గల్ఫ్‌లో ఉంటే: ఆయన సంతకం ఇంట్లోవాళ్లు పెట్టేయకూడదు. సెలవుపై వచ్చినప్పుడే కాగితాలు పూర్తి చేసుకోవడం మేలు.

కారు అప్పగించేటప్పుడు తేదీ, టైము, కిలోమీటర్ల రీడింగు రాసి సంతకం చేయించుకోవాలి. ఫాస్టాగ్ క్లోజ్ చేయాలి. ఖాళీ ఫారాలపై సంతకం పెట్టి బ్రోకర్ చేతికి మాత్రం ఇవ్వకూడదు.