ప్రజానాట్యమండలి తొలి అయిదేళ్లు

ప్రజానాట్యమండలి చరిత్రను సాధారణంగా ‘మాభూమి’ నాటకంతో మొదలుపెడతారు. నా మట్టుకు బుర్రకథ డక్కీతో మొదలుపెట్టడమే న్యాయమనిపిస్తుంది.

1943లో బొంబాయిలో భారత ప్రజానాట్య సంఘం ఏర్పడింది. అదే యేట ఆంధ్రలో మండలి పుట్టింది. గరికపాటి రాజారావు నాటకాన్ని నడిపించగా, షేక్ నాజర్ పాత జంగంకథల నుండి ఎదిగిన బుర్రకథను కష్టజీవుల కథకు మలిచాడు. కథకుడి భుజాన తంబుర, వేళ్లకు అందెలు. అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. సరంజామా అంతే. తెరలూ దీపాలూ మోసుకుపోలేని మా పెద్దారవీడు వంటి మెట్ట గ్రామాలకు ఇంతకన్న అనువైన కళ ఏముంటుంది? ఒక వంత నవ్విస్తాడు. రెండోవాడు కథ ఆపి నేటి రాజకీయం ఎత్తుతాడు. పల్నాటి యుద్ధంలోనైనా కరువూ పన్నులూ దూరేది ఆ సందులోనే.

సుంకర, వాసిరెడ్డి 1947లో రాసిన ‘మాభూమి’ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. బుర్రకథకూ అదే గతి పట్టింది. 1948 నాటి నిర్బంధంలో దళాలు చెదిరాయి. రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ సినిమా తీశాడు. మరుసటి యేడు ‘అగ్గిరాముడు’లో నాజర్ అల్లూరి కథ చెప్పాడు. దీన్ని పలాయనమనడం తేలిక. జైలుకూ ఆకలికీ మధ్య నిలబడ్డ కళాకారులను ఆ మాట అనే హక్కు మనకుందా?

అసలు చిక్కు వేరు. నిషేధించిన ఆ రూపాన్నే తర్వాతి ప్రభుత్వాలు కుటుంబ నియంత్రణ ప్రచారానికి వాడుకున్నాయి. తంబుర అదే, డక్కీ అదే. రాజకీయ వంత మాత్రం సర్కారు మాటకే తాన అనసాగాడు.