తాపమును తూచు విద్యాలయము

రాజరాజేశ్వరుని క్షేత్రమైన వేములవాడ నుండి ఈ వ్యాసమును సమర్పించుచున్నాను. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమున 2005వ సంవత్సరమున, రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ పోషణమున వెలసిన అధికశక్తి పదార్థముల ఉన్నత పరిశోధనాకేంద్రమునకు ఇరువదేండ్లు నిండినవి. లేజరు కాంతిశాస్త్ర నిష్ణాతులైన ఆచార్య సూర్య పి. తివారి తొలినాళ్లలో సంచాలకులై దానిని నడిపిరి. పిమ్మటి ఏండ్లలో పరిశోధనపత్రములును పట్టములును యథాక్రమమున వృద్ధిచెందినవి.

ప్రేలుడు పదార్థమువంటి అధికశక్తి పదార్థము ఎంత వేడిని ఓర్చునో తెలియుటకు 1887లో లె షాటెలియే అను శాస్త్రజ్ఞుడు మట్టిని కాచి వేసిన తాపరేఖయే మూలము. 1962లో వాట్సన్, ఓనీల్ రూపొందించిన డి.ఎస్.సి. (డిఫరెన్షియల్ స్కానింగ్ కేలరిమీటరు) యంత్రము దాని పరిణతి. రెండు చిన్న అల్యూమినియం గిన్నెలలో ఒకదాన కొద్ది మిల్లీగ్రాముల పదార్థమునుంచి, రెండవదానిని ఖాళీగా విడిచి, నిమిషమునకు పది డిగ్రీల చొప్పున కాచినచో, పదార్థము వేడిని పీల్చునపుడును విడుచునపుడును రేఖ వంగును. క్వారీలలో వాడు అమోనియం నైట్రేట్ 32 డిగ్రీలకడ స్ఫటికరూపమును మార్చుకొనును, 169 డిగ్రీలకడ కరగును. మా ప్రాంతమున ఫాల్గుణమాసపు పగలు ఆ మొదటి మెట్టును దాటి, రాత్రి మరల దిగును. సంచులలోని మందు గడ్డకట్టుటకు ఇదియొక హేతువు. ఈ కేంద్రమున ఆచార్య ఎ.కె. చౌదరి బృందము మరియొక త్రోవ తొక్కినది: వేడికి వెలువడు ఆవిరిపై 532 నానోమీటర్ల పచ్చని లేజరు కాంతిని ప్రసరింపజేసి, ఆ ఆవిరి పుట్టించు ధ్వనిని మైక్రోఫోనుతో విని, పదార్థ విఘటనను గ్రహించినది.

2020 సంవత్సరమును మరువజాలను. ఆగస్టు 4న బేరూతులో ఏండ్లతరబడి నిలువయున్న 2750 టన్నుల అమోనియం నైట్రేట్ ప్రేలినపిదప, చెన్నై చెంత మణలిలో నిలిచిన దాదాపు 700 టన్నుల నైట్రేటు లారీలమీద హైదరాబాదు దిశగా తరలినది. మహమ్మారి భయముతో తలుపులు మూసికొనియున్న మాకు, ఆ వార్త నిద్ర లేకుండ చేసినది.

ఒక్క మాట చెప్పక తప్పదు. కరీంనగరు గ్రానైటు క్వారీలలో రంధ్రములకు మందు దట్టించువారును, రామగుండము గనులలో మందు పేల్చు షాట్‌ఫైరర్లును ఇట్టి తాపరేఖను కన్నులారా చూచినట్లు నేను వినలేదు. విజ్ఞానము ఆంగ్లపత్రములందే నిలిచినది. ఒక రేఖను తెలుగు వ్యాఖ్యతో ముద్రించి మందుగుండు గోదాములందు తగిలించుట ఎవరికిని భారము కాదు. 2030లో రానున్న రజతోత్సవమునకు మునుపే ఆ పని జరుగవలెను.