అంబాజీపేటలో రెండో రకం

నేను అంబాజీపేట కొబ్బరి కొట్లో లెక్కలు రాసినవాణ్ణి. మా కోనసీమలో బజారుకొచ్చిన కాయను నాసిరకమని తీసిపారెయ్యరు. దానికీ ఒక పేరు పెడతారు, ఒక ధర కడతారు.

ధరల పట్టిక చూస్తే ముక్కుడు కాయ, పచ్చికాయ, కొత్త కొబ్బరి, కొత్త కొబ్బరి రెండో రకం, కురిడీ కనిపిస్తాయి. కాయను అటకమీద నెలల తరబడి నిలవబెడితే లోపలి నీళ్లింకి, కొబ్బరి చిప్పను విడిచి గుండుగా ఎండుతుంది. అదే కురిడీ. అందులో గండేరా పైరకం, గటగట దాని కింది రకం. రెండూ వెయ్యి కాయల లెక్కనే అమ్ముడవుతాయి, ధరల్లోనే తేడా.

కాయ కింది రకంలోకి జారడానికి రైతు అశ్రద్ధే కారణమనుకోవడం తప్పు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మా తోటలను నేలమట్టం చేసింది. ఒరిగిన చెట్టు పోగా, నిలిచిన చెట్టు కోలుకోవడానికే ఏళ్లు పట్టింది. ఆ దెబ్బ మానకముందే నల్లి వచ్చింది. 1998లో కేరళలో బయటపడ్డ ఎరియోఫిడ్ నల్లి తర్వాత మన తోటలకూ పాకింది. కంటికి కనపడని ఆ పురుగు ముచ్చిక కింద చేరి లేతకాయ రసం పీలుస్తుంది. డొక్క పగుళ్లు తేలి గోధుమరంగుకు తిరుగుతుంది, కాయ చిన్నదవుతుంది. ఎరువు వేసి, నీరు పెట్టి, దింపు కూలీ ఇచ్చిన రైతుకు చివరికి రెండో రకం ధరే చేతికొస్తుంది. 1955 నుంచి అంబాజీపేటలో ఉన్న కొబ్బరి పరిశోధన కేంద్రం ఇలాంటి చీడలతో పోరాడుతోంది.

ప్రభుత్వం కొనేటప్పుడూ రకం చూస్తుంది. 2025 సీజనుకు మద్దతు ధర క్వింటాలుకు మర కొబ్బరికి, అంటే నూనె ఆడే ఎండు కొబ్బరికి, 11,582, గుండు కొబ్బరికి 12,100 రూపాయలుగా ఉండేది. అయితే మర కొబ్బరిలో తేమ 6 శాతం దాటకూడదు. గోదావరి గాలిలో, ముసురు రోజుల్లో, పెరట్లో పట్టా మీద ఆరబెట్టే రైతుకు ఆ అంకె అందుకోవడం కష్టం. తేమ ఎక్కువైతే బూజు పడుతుంది. మంచి చెట్టు కాసిన మంచి కాయ కూడా అక్కడ ఓడిపోతుంది.

రకాలు వద్దని నేననను. మంచి సరుకుకు మంచి ధర రావాల్సిందే. కానీ ఊరూరా ఆరబెట్టే యంత్రం ఉండాలి, తేమ కొలత రైతు కళ్లముందే తీయాలి, కాయను ఏ రకంలో ఎందుకు వేశారో అతనికి చెప్పాలి. ఈ మూడూ చెయ్యకుండా రెండో రకమని ధర కోయడం అన్యాయం.