మళ్లీ రన్ చేస్తే వచ్చేసింది

మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్. టైమ్ 2:20. కుర్చీ ఇటు లాక్కుని ఈ నల్ల స్క్రీన్ చూడండి. 2 గంటలకు క్రాన్ మొదలుపెట్టిన రిపోర్టు ప్రోగ్రామ్ మధ్యలో పోయింది. ఫైలుంది, అందులో సగం వరుసలే ఉన్నాయి. తెల్లారాక ఏ లారీలో ఏ సరుకు ఎక్కించాలో గోదాములో వాళ్లు చూసుకునేది ఈ ఫైల్లోనే. చాలా రాత్రులు బుద్ధిగా నడుస్తుంది. ఏదో ఒక రాత్రి ఇలా చేస్తుంది.

పక్క సీటు కుర్రాడు అప్పటికే చేత్తో నడిపి చూశాడు. “అన్నా, మళ్లీ రన్ చేస్తే వచ్చేసింది. టికెట్ క్లోజ్ చేసెయ్యనా?”

“అప్పుడే వద్దు. ఇందాక ఎందుకు పోయిందో తెలిసిందా మరి?”

తెలియలేదు. 1985లో టాండెమ్ కంపెనీలో ఉన్న జిమ్ గ్రే, కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయో వివరించిన పేపర్లో ఈ సంగతే రాశాడు: పరీక్షలు దాటి వాడకంలోకి వచ్చాక మిగిలే లోపాల్లో ఎక్కువ భాగం, మొదటినుంచి మళ్లీ నడిపితే కనబడకుండా పోయేవే. వాటిని హైసెన్‌బగ్స్ అన్నాడు. పని ఆగకూడదంటే మళ్లీ నడపాల్సిందే, నిజమే. కానీ ఆధారాలు తీసి పెట్టుకోకుండా నడిపితే, తప్పు అలాగే ఉండిపోతుంది.

లాగ్ చివర చూడండి: ఎగ్జిట్ కోడ్ 0. అంటే అంతా సవ్యంగా జరిగినట్టే లెక్క. స్క్రిప్ట్ తెరిస్తే సంగతి తేలుతుంది. రిపోర్టును పైపులోంచి జీజిప్‌కి పంపుతున్నారు. బాష్ మామూలుగా పైపులో ఆఖరి కమాండ్ ఫలితాన్నే తీసుకుంటుంది. ముందున్న ప్రోగ్రామ్ చచ్చిపోయినా, జీజిప్ తనకు అందినంత కుదించి 0 ఇచ్చేస్తుంది. ముందుది పోయినా తెలిసేలా పైప్‌ఫెయిల్ ఆన్ చేస్తాం. ఫైలును ముందు వేరే పేరుతో రాసి, కోడ్ 0 వస్తేనే అసలు పేరుకు మారుస్తాం. రిపోర్టు రాకపోతే గోదాము వాళ్లు ఫోన్ చేస్తారు. సగం రిపోర్టు వస్తే దాన్నే నమ్మి లారీ పంపేస్తారు. రెండోదే ప్రమాదం.

చేత్తో నడిపితే వస్తోంది కాబట్టి క్రాన్ మీద అనుమానం రావాలి. అక్కడ కమాండ్లు వెతికే పాత్ చాలా చిన్నది, మన లాగిన్ సెట్టింగులేవీ దానికి అందవు. కానీ అదే కారణమైతే రోజూ పోవాలి. ఆ దారి వదిలేద్దాం.

“ఎస్‌ట్రేస్ తగిలిద్దామా అన్నా?”

మంచి ఆలోచనే, ఇక్కడ కాదు. ఎస్‌ట్రేస్ ప్రతి సిస్టమ్ కాల్ దగ్గరా ప్రోగ్రామ్‌ని ఆపి చూస్తుంది. నడక నెమ్మదిస్తుంది, సమయాలు మారిపోతాయి, పట్టుకోవాల్సిన తప్పు రాకుండానే పోవచ్చు. సిస్టమ్ వాడకాన్ని కొలిచే సార్ (sar) ఉంది గానీ అది మామూలుగా పది నిమిషాలకోసారే కొలుస్తుంది. ఆ మధ్యలో మెమరీ నిండి ఖాళీ అయిపోతే మనకు కనబడదు. అందుకే ఒక చిన్న స్క్రిప్ట్ పెడతాం. 5 సెకండ్లకోసారి టైము, మిగిలిన మెమరీ, ఎక్కువ తింటున్న ప్రాసెస్‌లు రాస్తూ ఉంటుంది. ఇక ఎదురుచూడడమే.

ఆ రాత్రి రానే వచ్చింది. ఈసారి కోడ్ 137. బాష్‌లో 128 పైన వచ్చిందంటే సిగ్నల్ వల్ల చచ్చిందేమో చూడాలి. 137లోంచి 128 తీస్తే 9, సిగ్‌కిల్. ప్రోగ్రామ్ దాన్ని ఆపలేదు, చివరిమాట కూడా రాయలేదు. లాగ్‌లో ఎర్రర్ ఎందుకు లేదో ఇప్పుడు అర్థమైంది. పంపిందెవరో కెర్నల్ లాగ్‌లో ఉంది: ‘అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్’.

మన ప్రోగ్రామే ఎక్కువ తిందనుకుంటే పొరపాటు. మనం రాయించిన వరుసలు చూడండి. 16 జీబీ మెషీన్, స్వాప్ లేదు. మన ప్రోగ్రామ్ ఎప్పటిలాగే 6 జీబీ దగ్గరుంది. ఈ రాత్రి మాత్రం దాని పక్కన ఇంకో జాబ్ తాలూకు వర్కర్లు ఎనిమిది నడుస్తున్నాయి, ఒక్కోటి జీబీ పైన. కెర్నల్ ఎంచుకునేటప్పుడు ప్రాసెస్‌లను విడివిడిగానే తూస్తుంది. కిక్కిరిసిన బస్సులో, ఇంటిల్లిపాదీ తలా ఒక సంచితో ఎక్కినవాళ్లను వదిలేసి పెద్ద మూటతో ఉన్న ఒక్కణ్ని దించేసినట్టు, మనదాన్ని దించేసింది.

ఆ జాబ్ ఈ వేళకి ఎందుకుంది? బయటినుంచి రావాల్సిన డేటా ఫైలు అందాకే అది మొదలవుతుంది. మామూలుగా అర్ధరాత్రి లోపే ముగుస్తుంది. ఫైలు ఆలస్యమైన రాత్రి 2 గంటల మీద పడుతుంది. ఇన్నాళ్లూ మన లాగ్‌లో వెతుకుతున్న కారణం ఇంకొకరి లాగ్‌లో ఉంది.

నమ్మేముందు కావాలని పగలగొట్టి చూడాలి. టెస్ట్ సర్వర్‌లో రెంటినీ కలిపి వదిలాం. 137. మళ్లీ వదిలాం. 137. ఇప్పుడు రెంటికీ తాళంలా ఒకే ఎఫ్‌లాక్ కట్టాం. ఒకటి ముగిసేదాకా రెండోది ఆగింది, రెండూ పూర్తయ్యాయి. దాని బదులు గుర్తుగా ఒక ఫైలు పెట్టి వదిలేస్తే, సిగ్‌కిల్ పడ్డప్పుడు దాన్ని తీసేవాడుండడు. ఎఫ్‌లాక్ అయితే ఆ ప్రాసెస్ పోగానే కెర్నలే విడిపిస్తుంది. ఇక డేటా మొత్తం ఒకేసారి మెమరీలోకి లాగకుండా, విడతలుగా చదివేలా ప్రోగ్రామ్‌ని మార్చాలి. అసలు మందు అది.

కుర్రాడు రన్‌బుక్‌లో రాస్తున్నాడు: కోడ్, కెర్నల్ లైను, ఆ నిమిషంలో పక్కన ఏం నడుస్తోంది. అప్పుడప్పుడూ వచ్చే తప్పుకీ ప్రతిసారీ కారణం ఉంటుంది. అది వచ్చిన నిమిషాన్ని రాసిపెట్టే ఏర్పాటు మనం ముందే చేసి ఉంచాలి.